పీజీ అక్క ఫిర్యాదుల పెట్టె: రైల్స్‌లో రూబీఎల్ఎల్ఎమ్ పెట్టుకోవడం

బెంగళూరు మారతహళ్ళిలో నేనుండే పీజీని నడిపేది ఒక నెల్లూరు అక్క. అరవై మంది ఆడపిల్లల గోలంతా ఆమె వాట్సాప్‌కే. "అక్కా, 304లో గీజర్ పోయింది", "బాత్రూంలో నీళ్ళు ఇల్ల" (కన్నడలో 'ఇల్ల' అంటే లేవు). తెలుగు, కన్నడ, ఇంగ్లీషు కలగాపులగం. మెసేజ్‌లోంచి రూము, పని విడదీసే చిన్న యాప్, రూబీ భాషలోని రైల్స్ ఫ్రేమ్‌వర్క్‌తో, రాసిస్తానన్నాను. అద్దె తగ్గించలేదు గానీ, టిఫిన్‌లో ఒక దోసె ఎక్కువ వేస్తోంది.

వాడింది రూబీఎల్ఎల్ఎమ్. రకరకాల కంపెనీల ఏఐ మోడళ్ళని ఒకే తీరులో పిలవనిచ్చే జెమ్ (రూబీ లైబ్రరీ) ఇది. కార్మినే పావొలీనో 2025లో విడుదల చేశాడు, ఎంఐటీ లైసెన్సు. జెమ్‌ఫైల్‌లో చేర్చి బండిల్ ఇన్‌స్టాల్ కొట్టండి. ఇనిషియలైజర్‌లో ఏపీఐ కీ ఇవ్వండి, అదీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచే. గిట్‌లోకి పోనివ్వకండి. ఇదివరకు కంపెనీకో జెమ్ వాడేదాన్ని. ఓపెన్‌ఏఐ చాట్ ఏపీఐలో సిస్టమ్ ప్రాంప్ట్ (మోడల్‌కి ముందుగా ఇచ్చే సూచన) మెసేజ్‌ల వరసలోనే వెళ్తుంది, ఆంత్రోపిక్‌లో దానికి వేరే ఫీల్డు. ఇప్పుడా తంటా జెమ్‌ది, నేను మోడల్ పేరు మారుస్తానంతే.

తర్వాత ఇన్‌స్టాల్ జనరేటర్ నడపండి. చాట్, మెసేజ్ మోడళ్ళు వస్తాయి (ఇవి ఏఐ మోడళ్ళు కావు, డేటాబేస్ టేబుళ్ళకి రైల్స్ క్లాసులు). నా శుక్రవారం సాయంత్రం ఇక్కడే తగలబడింది. అలవాటు కొద్దీ మెసేజ్‌లో కంటెంట్ ఖాళీగా ఉండకూడదని వాలిడేషన్ రాశాను. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఎర్రర్. కీ మార్చాను, మోడల్ మార్చాను, నెట్‌ని తిట్టాను. సంగతేమిటంటే, జవాబు రాకముందే జెమ్ అసిస్టెంట్ పేరుమీద ఒక ఖాళీ మెసేజ్ సేవ్ చేసి, జవాబొచ్చాక దాన్ని నింపుతుంది. ఆ ఖాళీ వరసని ఆపుతున్నది నా వాలిడేషనే! మీరు మాత్రం పెట్టకండి.

డబ్బు సంగతి. మోడల్‌కి వెనకటి మాట గుర్తుండదు, కాబట్టి అడిగినప్పుడల్లా ఆ చాట్‌లోని పాత మెసేజ్‌లన్నీ మళ్ళీ వెళ్తాయి. పైగా అదే మాటకి తెలుగు లిపిలో సాధారణంగా ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు (మోడల్ చదివే మాట ముక్కలు, బిల్లు వీటి లెక్కనే) పడతాయి. మొదట్లో పీజీ మొత్తానికి ఒకే చాట్ పెట్టి, ఇన్‌పుట్ టోకెన్ల లెక్క చూసి గుండె పట్టుకున్నాను. ఇప్పుడు ఫిర్యాదుకో కొత్త చాట్. జవాబు కూడా కబుర్లలా రాకుండా స్కీమా, అంటే జవాబులో ఏ గడులుండాలో చెప్పే నమూనా, ఇచ్చాను: రూము, పని, తొందర. రూము రాయనివాళ్ళ దగ్గర మోడల్ ఏదో ఒక నంబరు ఊహించేస్తుంది. అందుకే రూము ఖాళీగా ఉండొచ్చని స్కీమాలోనే చెప్పండి, వచ్చిన నంబరుని మీ రూముల టేబుల్‌తో సరిచూడండి.

ఏపీఐ పిలుపు కంట్రోలర్‌లో వద్దు, బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లో పెట్టండి. టెస్టులకి వీసీఆర్ జెమ్‌తో జవాబులు ఒకసారి రికార్డు చేసుకోండి, ఆ రికార్డు ఫైలులో (దాన్ని క్యాసెట్ అంటారు) కీ మిగలకుండా ఫిల్టర్ పెట్టండి. నమూనా వాక్యాలు మీరు కూర్చుని రాయకండి, నిజం మెసేజ్‌లే పేర్లు తీసేసి వాడండి. "నీళ్ళు ఇల్ల" నాకెప్పటికీ తట్టేది కాదు.