ఖాళీ స్థలంలో మందు పార్టీలా? ముందు లైటు వేయించండి

మా కాకినాడలో మా వీధి చివర ఖాళీ స్థలం ఒకటి ఉంది. చీకటి పడితే చాలు, అక్కడ బైకులు ఆగేవి. సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఫుల్ సౌండులో పాటలు, మధ్యమధ్యలో బూతులు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు వేరే వీధిలోంచి చుట్టూ తిరిగి ఇంటికి చేరేవారు. మీ దగ్గరా ఇదే తంతు అయితే, మేం ఏం చేశామో చెబుతాను.

రాత్రిపూట వెళ్లి గొడవ పెట్టుకోవద్దు. తాగినవాడితో వాదించి నెగ్గినవాళ్లు లేరు. కుర్రాళ్లకంటే ముందు ఆ చోటు సంగతి చూడండి. చీకటి, తుప్పలు, అడిగేవాడు లేకపోవడం... వాళ్లకు కావలసింది ఇదే. వీధి లైటు కోసం వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వండి. స్థలం ఎవరిదో తెలియకపోతే ఖాళీ స్థలం పన్ను ఎవరి పేరున వస్తోందో అక్కడే అడగండి. మా స్థలం ఓనరు వైజాగ్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే ‘చూద్దాం లెండి’ అన్నాడు. ‘రేపు అక్కడ ఏదైనా జరిగితే పోలీసులు ముందు అడిగేది మిమ్మల్నేనండీ’ అన్నాక తుప్పలు కొట్టించి కంచె వేయించాడు.

112కి ఫోన్ చేసేది గొడవ నడుస్తుండగానే, తెల్లారాక కాదు. ‘ఇక్కడ న్యూసెన్స్‌గా ఉందండీ’ అంటే చాలదు. ‘రామాలయం వెనక వీధి, ట్యాంకు పక్క ఖాళీ స్థలం, ఆరుగురు, మూడు బైకులు, ఇప్పుడే తాగుతున్నారు’ అనాలి. మీ పేరు బయటపెట్టొద్దని, బండి మీ ఇంటి దగ్గర ఆపొద్దని కూడా చెప్పండి. పోలీసు బండి మీ గుమ్మం ముందు ఆగితే ఫోన్ చేసిందెవరో వేరే చెప్పాలా!

‘ప్రైవేటు స్థలం కదా’ అని ఎవరైనా అంటే నమ్మకండి. భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ ప్రకారం తాగి రోడ్డు మీదైనా, అనుమతి లేకుండా చొరబడిన స్థలంలోనైనా జనాన్ని ఇబ్బంది పెడితే 24 గంటల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు, లేదంటే సమాజ సేవ చేయిస్తారు. లౌడ్‌స్పీకర్లు బహిరంగంగా పెట్టడం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా కుదరదు.

రోజూ ఇదే గోలైతే తేదీలు, టైములు రాసి, వీధి మొత్తం సంతకాలతో స్టేషన్లో ఇవ్వండి. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మరవొద్దు. కదలిక లేకపోతే ఆ కాపీతో సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌కి వెళ్లండి. అప్పటికీ కాకపోతే ఇలాంటి న్యూసెన్స్ తొలగించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152వ సెక్షన్ కింద ఆర్డీఓకి అర్జీ పెట్టుకోవచ్చు.

మన వీధి పిల్లలే ఉంటే పగటిపూట వాళ్ల అమ్మతో మాట్లాడండి. నాన్నతో వద్దు, ఒక్కోసారి ఆయనా ఆ గుంపులోనే ఉంటాడు. వీడియోలు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, వాళ్ల బాబాయి అందులోనే ఉంటాడు. పోలీసులకు మాత్రమే చూపించండి.

ఆడపిల్లని ఎవడైనా ఏమన్నా అన్నా, వెంటపడినా ఈ అర్జీలు, సంతకాల దాకా ఆగకండి. వెంటనే 112కి చెప్పి, సచివాలయం మహిళా పోలీసును వెంటబెట్టుకుని ఆ రోజే స్టేషన్‌కి వెళ్లండి.