కంపెనీ విదేశాల్లో ప్లాంటు పెడుతోందా? మన ఉద్యోగం సంగతి ఇలా చూసుకోండి

కంపెనీ విదేశాల్లో పెట్టుబడి పెడుతోందనగానే మా యూనియన్‌లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. నేను ముందు అడిగేది ఒక్కటే: అక్కడ ఎందుకు పెడుతున్నారు?

అక్కడి జనానికి కొత్తగా అమ్ముకోవడానికైతే మరీ కంగారు పడక్కర్లేదు. డిజైన్, అకౌంట్స్ లాంటి పనులు ఇక్కడ పెరగొచ్చు కూడా. ఇన్నాళ్లూ ఇక్కణ్ణుంచి ఎగుమతైన సరుకునే అక్కడ తయారు చేస్తామంటే మాత్రం ఆ లైన్‌లో ఉన్నవాళ్లకు ముప్పే.

తర్వాత వార్షిక నివేదిక తెరవండి. ఛైర్మన్ సందేశం దగ్గర ఆగకుండా లెక్కల్లోకి వెళ్లండి. దేశాలవారీ వివరాలుంటే, ఇక్కడి యంత్రాల మీద పెట్టిన ఖర్చునూ తరుగుదలనూ (వాడకంతో యంత్రాల విలువ ఏటా తగ్గినట్టు లెక్కల్లో చూపే మొత్తం) పక్కపక్కన పెట్టి చూడండి. వరసగా కొన్నేళ్లు ఖర్చే తక్కువగా ఉంటే, పాతబడిన యంత్రాల స్థానంలో కొత్తవి రావట్లేదన్నమాట. నన్ను అన్నిటికన్నా భయపెట్టే గుర్తు ఇదే. షాపులో డైలు (సరుకుకు ఆకారమిచ్చే అచ్చులు) ప్యాక్ అవుతున్నాయా, పని పద్ధతంతా అడుగడుగునా రాసిమ్మంటున్నారా అన్నది కూడా గమనించండి; పనిని తరలించే సన్నాహం కావచ్చు.

ఉద్యోగం పోకపోయినా బేరమాడే బలం తగ్గుతుంది. "అక్కడికి మార్చేస్తాం" అన్న మాట జీతాల చర్చలోకి వచ్చేస్తుంది. బ్రిటన్‌లో విదేశీ పెట్టుబడులు ఎక్కువున్న రంగాల కార్మికుల్లో అభద్రత ఎక్కువని షీవ్, స్లాటర్ అనే పరిశోధకులు 2004లోనే చూపించారు.

అందుకే కొత్త ప్లాంటు మొదలవకముందే అడగండి: ఏ ఉత్పత్తి ఇక్కడే ఉంటుంది, ఎన్నేళ్లు, కొత్త యంత్రాలెప్పుడు, శిక్షణ ఎవరికి. జవాబులు ఒప్పందంలో రాయించుకోండి. నోటిమాటకు ఒప్పుకోవద్దు.