మోడల్ కారు అద్దం ఎన్నిసార్లు అంటించినా ఊడిపోతోందా? ముందు ఊడిన చోటు చూడండి

"సైడ్ మిర్రర్ ఊడిపోయింది, గ్లూ పెట్టా, రెండు రోజులకే మళ్లీ ఊడింది, ఏ గ్లూ వాడాలి?" ఎవరు అడిగినా ఇదే. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: ఊడిన ముక్క అడుగున ఏముందో చూశారా? చూసుండరు. ఊడగానే దాని మీదే ఇంకో చుక్క వేసి నొక్కేస్తారు, పాత గ్లూ మీద కొత్త గ్లూ, దాని మీద ఇంకో గ్లూ, చివరికి బాడీ మీద ఆ పార్ట్ గుచ్చుకునే కన్నంలో దానికి చోటే మిగలదు.

డ్రై ఫిట్ చూసుకోవడం (గ్లూ లేకుండా ముందు పెట్టి చూడటం), ట్వీజర్స్‌తో పట్టుకోవడం, గ్లూ ట్యూబ్‌తో కాకుండా టూత్‌పిక్ మొనతో పెట్టడం, ఇవన్నీ మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా. 1:18, 1:24, 1:43 స్కేల్ డైకాస్ట్‌లకీ (మెటల్ బాడీ ఉన్నవి) మనమే అతికించుకునే ప్లాస్టిక్ కిట్‌లకీ విషయం దాదాపు ఒకటే.

ముందు ఈ చెక్, తర్వాతే గ్లూ

ఊడిన పార్ట్‌నీ, అది ఊడిన చోటునీ టార్చ్ వేసి దగ్గరగా చూడండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు. ఎండిపోయిన గ్లూ ఏ వైపు మిగిలిందో చూస్తే సగం జవాబు దొరికినట్టే. గ్లూ మొత్తం బాడీకి ఉండిపోయి పార్ట్ నున్నగా బయటికొస్తే పార్ట్ వైపు పట్టలేదు. గ్లూ పార్ట్‌తో పాటు వచ్చేసి బాడీ నున్నగా ఉంటే బాడీ వైపు పట్టలేదు, ఎక్కువసార్లు అక్కడ పాలిష్ గానీ వ్యాక్స్ గానీ వేళ్ల జిడ్డు గానీ ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన ఇయర్ బడ్‌తో తుడవండి (ముందు కారు అడుగున ఎక్కడైనా పెట్టి పెయింట్ వస్తుందేమో చూసుకోండి, కొన్ని పెయింట్లు లేచి వచ్చేస్తాయి). రెండు వైపులా గ్లూ ఉండి మధ్యలో పటుక్కున విరిగిందంటే మీ గ్లూ బానే పట్టింది, దెబ్బకి విరిగింది, దానికి లోపల వైరు వేయాలి, ఆ సంగతి కింద చెబుతా.

ఇక నాలుగోది. ఎండిన గ్లూ బొట్టు మీద మెరుపు గానీ, కారు రంగు గానీ కనిపిస్తే? అసలు దొంగ అదే.

అంటుకున్నది పార్ట్‌కి కాదు, దాని మీద పొరకి

దీనితో నేను బాగానే చేతులు కాల్చుకున్నా. ఒక 1:18 డైకాస్ట్, కాడ మీద నిలబడే క్రోమ్ అద్దం, ఎడమ వైపుది. ఊడింది. సూపర్ గ్లూ పెట్టా, వారంలో ఊడింది. సూపర్ గ్లూ పెళుసులే అనుకుని రెండు ట్యూబుల ఎపాక్సీ కలిపి పెట్టా, అద్దం దుమ్ము దులుపుతుంటే బ్రష్‌తో పాటే వచ్చేసింది. మూడోసారి జెల్ రకం సూపర్ గ్లూ. అదీ అంతే. ప్రతిసారీ గ్లూ కంపెనీని తిట్టుకున్నానే గానీ కన్నంలోకి తొంగి చూడలేదు. చూసిన రోజున లోపల వెండిలా మెరుస్తోంది, ఓహో బాడీ మెటల్ కనిపిస్తోంది అనుకుని వదిలేశా. తర్వాత ఎందుకో సూదితో గీరితే ఆ మెరుపు కాస్తా పొట్టులా లేచింది, దాని కింద గ్లూ! అంటే గ్లూ గట్టిగానే పట్టుకుంది, కానీ అది పట్టుకున్నది క్రోమ్‌ని, ఆ క్రోమ్ ప్లాస్టిక్‌ని వదిలేసి వచ్చింది. పెచ్చులూడే సున్నం గోడకి ఎంత మంచి జిగురుతో పోస్టర్ అంటిస్తే మాత్రం ఏం లాభం, సున్నంతో సహా కింద పడుతుంది కదా.

మోడల్ కార్ల మీద క్రోమ్ అనేది నిజానికి క్రోమియం కాదు. ప్లాస్టిక్ పార్ట్ మీద ముందు ఒక లక్కర్ (వార్నిష్ లాంటి పూత) కోటు వేస్తారు నున్నగా రావడానికి, తర్వాత వ్యాక్యూమ్ గదిలో అల్యూమినియంని ఆవిరి చేసి దాని మీద పేరుకునేలా చేస్తారు, పైన ఇంకో పల్చటి క్లియర్ కోటు. మధ్యలో ఉన్న ఆ అల్యూమినియం పొర ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. మనం గ్లూ పెట్టేది పైన ఉన్న కోటుకి, బరువు మోయాల్సింది అడుగున ఉన్న ప్లాస్టిక్, మధ్యలో ఇన్ని పొరలు.

ఇక్కడితో కథ అయిపోలేదు. తెలిసింది కదా అని అద్దం అడుగున కన్నంలోకి దూరే పుల్ల మీద మెరుపు బ్లేడుతో గీకేసి హాయిగా అంటించా. నాలుగోసారి కూడా ఊడింది. ఎందుకంటే వెండి రంగు పోగానే ఆపేశా, కింద లక్కర్ అలాగే ఉంది, అది పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కంటికి ప్లాస్టిక్ లాగే కనిపిస్తుంది. క్రోమ్ తీయడానికి బ్లీచ్‌లో ముంచేవాళ్లకీ సరిగ్గా ఇదే జరుగుతుంది, బ్లీచ్ అల్యూమినియంని తినేస్తుంది, లక్కర్‌ని ముట్టుకోదు. ప్లాస్టిక్ సిమెంట్ వాడేవాళ్లకి ఇంకా నష్టం, అది రెండు ప్లాస్టిక్ ముక్కల్ని కరిగించి ఒకటి చేసే రకం, మధ్యలో లక్కరో పెయింటో ఉంటే కరిగించడానికి ప్లాస్టిక్కే అందదు.

సరే, చేయాల్సింది ఇది. కన్నంలోకి వెళ్లే పుల్ల వరకే, బయటికి కనిపించే భాగానికి మాస్కింగ్ టేప్ చుట్టేసి, కొత్త బ్లేడుని నిలువుగా పట్టుకుని మీ వైపుకి లాగుతూ గీకండి, కోసినట్టు కాదు. మొదట వెండి పొడి రాలుతుంది. తర్వాత ఉల్లిపొర లాంటి సన్నటి చుట్టలు లేస్తాయి, అదే లక్కర్, ఇక్కడే నేను ఆగిపోయింది. ఇంకా గీకండి. నిగనిగ పోయి తెల్లగానో నల్లగానో బూడిద రంగులోనో మెరుపు లేని ప్లాస్టిక్ కనిపిస్తే అప్పుడు ఆపండి. 400 నంబర్ శాండ్‌పేపర్‌తో ఒక్క రుద్దు, పొడి తుడిచేయండి.

కన్నం సంగతి కూడా అంతే. బాడీ పెయింట్ కన్నం లోపలికి దిగి ఉంటుంది, దాని మీద పాత గ్లూ. కన్నం సైజుకి సరిపడే డ్రిల్ బిట్‌ని పిన్ వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) పెట్టి, మెషీన్ కాదు, వేళ్లతో నెమ్మదిగా తిప్పండి. డైకాస్ట్ అయితే లోపల మెటల్ మెరవాలి. అంచు దగ్గర మాత్రం ఆపేయాలి, అంచు పెయింట్ లేచిందా అద్దం చుట్టూ రింగు కనిపిస్తుంది, దాన్ని దాచడం అంటించడం కన్నా పెద్ద పని.

గీకాక పుల్ల సన్నబడి కన్నంలో లొడలొడలాడుతుంది, భయపడకండి. సూపర్ గ్లూ సందుని నింపలేదు, ఎపాక్సీ నింపుతుంది. డైకాస్ట్ బాడీకి ప్లాస్టిక్ అద్దం అంటే నా ఓటు ఎపాక్సీకే. అయిదు నిమిషాల ఎపాక్సీ అన్నారు కదా అని అయిదో నిమిషంలో ముట్టుకోకండి, అది గట్టిపడటం మొదలయ్యే టైమ్ మాత్రమే, టేప్‌తో కదలకుండా పట్టించి రాత్రంతా వదిలేయండి. కిట్ కారులో రెండు వైపులా ఉత్త పాలీస్టైరీన్ (కిట్ ప్లాస్టిక్) బయటపడిందంటే ప్లాస్టిక్ సిమెంట్‌ని మించింది లేదు.

కన్నం లేని పార్ట్‌లు? డోర్ హ్యాండిల్, బ్యాడ్జ్, ఫొటో ఎచ్ (పల్చటి మెటల్ రేకు) లోగోల్లాంటివి. నేరుగా పెయింట్ మీదే కూర్చోవాలి కాబట్టి గీకడం కుదరదు. వీటికి గట్టి గ్లూ కావాలని పట్టుపట్టకండి. క్యానపీ గ్లూ (క్లియర్ పార్ట్‌లకి వాడే తెల్ల గ్లూ) గానీ పీవీఏ (మామూలు తెల్ల జిగురు) గానీ చాలు, బరువు లేదు కదా. ఒకవేళ ఊడినా పెయింట్‌ని పీక్కుని రాదు, సూపర్ గ్లూ అయితే పెచ్చుతో సహా వస్తుంది.

హెడ్‌లైట్ లెన్స్ చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టు అయింది

సూపర్ గ్లూ. అడగక్కర్లేదు. ఎండేటప్పుడు దాని ఆవిరి లేచి పక్కన ఉన్న నున్నటి చోట వాలి గాలిలో తేమతో గట్టిపడుతుంది, క్లియర్ ప్లాస్టిక్ మీదా క్రోమ్ మీదా నల్ల పెయింట్ మీదా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్లూ ఎక్కువైతే, గాలి ఆడని చోట మూసి పెడితే, వాతావరణంలో తేమ ఎక్కువుంటే మరీనూ. అంటించగానే కారుని డిస్ప్లే బాక్స్‌లో పెట్టి మూత పెట్టేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పైపైన ఉంటే మెత్తటి గుడ్డతో ప్లాస్టిక్ పాలిష్ వేసి రుద్దితే పోతుంది. లెన్స్ లోపలి వైపు పడితే తీసి రుద్దడమే, వేరే దారి లేదు. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి వెళ్లకండి, అందులో ఎసిటోన్ ఉంటే లెన్స్ కరిగిపోతుంది, ఆ తర్వాత చేసేదేం లేదు. క్లియర్ పార్ట్‌లకి మొదటి నుంచే క్యానపీ గ్లూ వాడితే ఈ గొడవే ఉండదు, తెల్లగా పెడతాం, ఎండాక కనిపించదు. యూవీ గ్లూ కూడా బావుంటుంది గానీ దానికి వెలుతురు తగలాలి, లెన్స్ కింద పని చేస్తుంది, నల్ల పార్ట్ కింద పెడితే ఎన్నాళ్లయినా తడిగానే ఉంటుంది.

అద్దం కాడ మధ్యలో విరిగింది, అంటిస్తే నిలవట్లేదు

నిలవదు. చీపురుపుల్లంత కాడ, విరిగిన మొహాలు రెండూ ఎదురెదురు పెడితే గ్లూ పట్టే జాగా ఎంతని? లోపల వైరు వేయండి. విరిగిన రెండు మొహాల మధ్యలో సూదితో చిన్న గుంట చేసి (లేకపోతే బిట్ జారిపోతుంది) 0.5 మిల్లీమీటర్ బిట్‌తో రెండు మిల్లీమీటర్ల లోతు తిప్పండి, ఇత్తడి వైరు ముక్క గానీ అదే మందం గిటార్ తీగ ముక్క గానీ పెట్టి గ్లూ వేయండి. రెండో కన్నం మొదటిదానికి సరిగ్గా ఎదురుగా రావాలంటే మొదటి దాంట్లో వైరు పెట్టి, మొనకి కాస్త పెయింట్ అంటించి, రెండో ముక్కకి ఆనించండి, చుక్క పడిన చోటే డ్రిల్ చేయాలి. మొదటిసారి చేసేటప్పుడు తిట్టుకుంటారు, తర్వాత ఎప్పుడు విరిగినా ఇంకోలా చేయబుద్ధి కాదు.

వైపర్ గానీ యాంటెనా గానీ విరిగితే అంటించే ప్రయత్నమే దండగ. యాంటెనా అయితే కిట్‌లో పార్ట్‌లు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్కని కొవ్వొత్తి మీద దూరంగా వేడి చేసి మెత్తబడగానే సాగదీస్తే సన్నటి తీగ వస్తుంది, లేదా స్టీల్ వైరు ముక్క.

పార్ట్ సరిగ్గా కూర్చోవట్లేదు, వంకరగా ఉంది

కన్నంలో పెయింట్ నిండింది, లేదా పాత గ్లూ, లేదా కుడిది ఎడమకి పెడుతున్నారు. మూడోదానికి నవ్వకండి, నేనూ చేశా. ఒత్తి మాత్రం కూర్చోబెట్టకండి. వంకరగానే అంటుకుపోయిందా, సూపర్ గ్లూ అయితే కారుని సంచిలో చుట్టి ఒకట్రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి, చల్లబడితే ఇంకా పెళుసవుతుంది, బ్లేడు మొన దూర్చి మెల్లగా తిప్పితే చాలాసార్లు టక్‌మని వచ్చేస్తుంది. బయటికి తీశాక ఆవిరి పడుతుంది, ఆరనివ్వండి.

అరుదైనవి

పార్ట్ రబ్బరులా మెత్తగా వంగుతోందా, లేక మైనంలా జారుగా ఉందా, అలాంటి ప్లాస్టిక్‌లకి మామూలు గ్లూ పట్టదు, వైరుతో పట్టించాల్సిందే. డైకాస్ట్ బాడీలో కన్నం చుట్టూ పగుళ్లు, పొక్కులు వస్తుంటే అది మెటల్‌లోనే ఉన్న తెగులు, జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసినప్పుడు వచ్చేది, గ్లూతో సంబంధం లేదు, బాగు చేయలేం. గ్లూ ట్యూబ్ పాతదై చిక్కబడితే పారేయండి, దానితో పోట్లాడకండి.

పార్ట్ ఎగిరి నేల మీద పడితే లైట్లు ఆపి టార్చ్‌ని నేలకి ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి, చిన్న ముక్కకి కూడా పొడవాటి నీడ వస్తుంది. అప్పటికీ కనిపించకపోతే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చటి మేజోడు తొడిగి రబ్బరు బ్యాండు వేసి లాగండి. పార్ట్‌తో పాటు పోయిన నెల పోయింది కూడా దొరుకుతుంది ఒక్కోసారి.