వీధి మురుగు హంద్రీలో కలవకుండా ఎలా అడ్డుకోవాలి?

కర్నూలులో హంద్రీ నది తుంగభద్రను చేరేలోపు నగరపు మురుగును ఎంతగా మోస్తుందో గట్టున నివసించేవారికి ఒకరు చెప్పనవసరం లేదు. మా వీధివాళ్లం ఒక ఆదివారం పారలు, తట్టలు పట్టుకొని, హంద్రీలోకి పారే మా వీధి మురుగు కాలువ గట్టంతా శుభ్రం చేశాం. నెల తిరగకముందే అక్కడ మళ్లీ అంతే చెత్త చేరింది. అది ఎక్కడి నుంచి వస్తోందో ముందుగా తెలుసుకోకపోవడమే మేము చేసిన పొరపాటు. అందువల్ల ఈ పని పారతో కాక నోటు పుస్తకంతో మొదలుపెట్టాలి.

మొదట రెండు వారాలపాటు కాలువను గమనించండి. ఏ పూట ఏ రంగు నీరు వస్తోంది, నూనె తెట్టు కనిపిస్తోందా, కోడి ఈకలు, పేగుల మూటలు ఏ మలుపు దగ్గర పడుతున్నాయి అన్నది తేదీ, సమయంతో రాసుకోండి. చోటును గుర్తించడానికి దగ్గరలోని కరెంటు స్తంభం నంబరు వేస్తే, తరువాత వచ్చే అధికారి వెతుక్కోనక్కరలేదు. వర్షం పడిన మరుసటి రోజు తప్పక చూడండి, ఎందుకంటే పూడిక ఎక్కడ నీటిని ఆపుతోందో ఆ రోజే స్పష్టంగా తెలుస్తుంది. నగరాన్ని ముంచిన 2009 అక్టోబరు వరదను చూసిన ఊరిలో ఈ పరిశీలనను చిన్న పనిగా తీసిపారేయకూడదు.

తరువాత ఏ సమస్య ఎవరి బాధ్యతో విడదీయండి. పూడిక, ఎత్తని చెత్త నగరపాలక సంస్థవి. వాటికి వార్డు సచివాలయంలోని పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శిని కలవాలి. వర్క్‌షాపు నూనె, కర్మాగారపు నీరు కాలుష్య నియంత్రణ మండలి చూడవలసినవి. నీటిలోకి కలుషిత పదార్థాలు వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షన్ నిషేధిస్తుందని అర్జీలో రాయండి.

ఒక్కో అర్జీలో ఒక్క సమస్యే ఉండాలి. పది బాధలు కలిపి రాస్తే అది పది బల్లలు తిరిగి ఎవరికీ చెందకుండా పోతుంది. వీధివారి సంతకాలు, ఫొటోలు జతచేసి, రసీదు తప్పక తీసుకోండి. అక్కడ కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల స్వీకరణకు వెళ్లండి. ఆపై 2005 సమాచార హక్కు చట్టం కింద, మా కాలువలో చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఎంత చెల్లించారు, చేసిన పనిని కొలిచి రాసే కొలతల పుస్తకం నకలు ఇవ్వండి అని అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నిధులు లేవన్న సమాధానం వస్తే కుంగిపోవద్దు: మురుగు కాలువల విషయంలో డబ్బు లేదన్న సాకు చెల్లదని 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చికెన్ అంగడి యజమానితో మాత్రం అర్జీకి ముందే మాట్లాడండి. ఆయన కూడా మన వీధివాడే. వ్యర్థాలను మూత ఉన్న డబ్బాలో ఉంచి చెత్త బండికి ఇచ్చే ఏర్పాటు కుదిరితే ఫిర్యాదు అవసరమే రాదు. మన ఇళ్లలోనూ తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకర చెత్త వేరుచేయాలి. చెత్త గుట్టకు నిప్పు పెట్టడం పరిష్కారం కాదు; ఆ పొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది.

ఇవన్నీ కదిలాకే శుభ్రం చేసే రోజు పెట్టుకోండి. మందపాటి గ్లవ్స్, బూట్లు లేనివారిని కాలువ దగ్గరికి రానివ్వవద్దు. సూదులు, సెలైన్ సీసాలు కనిపిస్తే చేత్తో ముట్టక, ఫొటో తీసి పారిశుద్ధ్య సిబ్బందికి తెలియజేయండి. మ్యాన్‌హోల్‌లోకి ఏ మనిషినీ దించవద్దు. రక్షణ లేకుండా అలా దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, పైగా లోపల పేరుకున్న విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. తీసిన పూడికను గట్టు మీద వదిలితే తొలి వానకే తిరిగి కాలువలో పడుతుంది కనుక, ట్రాక్టరు ఏ గంటకు వస్తుందో ముందే ఖరారు చేసుకొని, అది గుట్టను ఎత్తుకొని బయలుదేరేవరకు ఒకరిద్దరు అక్కడే ఉండాలి.