ఎయిర్ గన్ పాఠాలు – 4: మీ బ్యారెల్‌కి ఏ పెల్లెట్?

పోయిన పాఠంలో సైటు, అంటే తుపాకీ మీద గురి చూసే భాగం, సరిచేయడం చెప్పాను. తర్వాత మీరు కాల్చి పంపిన కాగితాలు చూసి బాధేసింది. తప్పు సగం నాదే. సైటు స్క్రూ ముట్టుకునే ముందు మీ బ్యారెల్‌కి, అంటే తుపాకీ గొట్టానికి, నప్పే ఒకే రకం పెల్లెట్ (ఎయిర్ గన్ సీసపు గుండు) ఖాయం చేసుకోవాలి. అది అందరికీ తెలిసిందేలే అనుకుని రాయలేదు. అందుకే ఈసారి అనుకున్న పాఠం పక్కనబెట్టి దీని దగ్గరే ఆగుతున్నాను.

కందుకూరు తమ్ముడొకడు కొత్త తుపాకీకి మూడు రకాల డబ్బాలు తెచ్చాడు. రకం మార్చినప్పుడల్లా స్క్రూ కూడా తిప్పాడు. "అన్నా, గుండ్రం తలదే మంచిది, నల్లచుక్కలో పడింది" అని రాశాడు. కాగితం చూశాను. గుండ్రం తలవి మూడింట్లో ఒకటి నల్లదాంట్లో, ఒకటి కుడిపక్క పైన, ఒకటి అట్ట అంచున పడ్డాయి. చదును తలవి మూడూ ఎడమపక్క కింద ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒకే చిల్లులా ఉన్నాయి. ఏది కావాలో బ్యారెల్ చెప్పేసింది, తమ్ముడు వినిపించుకోలేదు.

మధ్యలో తగలడం సైటు పని. ఒకేచోట తగలడం పెల్లెట్ పని. ఈ రెండూ కలిపేస్తే డబ్బాలు ఖాళీ అవుతాయి గానీ గురి కుదరదు. కావలి నుంచి వచ్చిన కాగితం మీద అయిదు చిల్లులూ చుక్కకి బెత్తెడు దూరంలో, రూపాయి బిళ్ల కింద దాగేటంత దగ్గరగా ఉన్నాయి. ఆయన ఆ డబ్బా పనికిరాదని పిల్లలకిచ్చేశాడట! పొదలకూరు కాగితం మీద చుక్క చుట్టూ నిమ్మకాయంత మేర చిల్లులు చెదిరి ఉన్నాయి. ఆయనేమో సంతోషంగా ఉన్నాడు. బెత్తెడు దూరాన్ని స్క్రూతో అయిదు నిమిషాల్లో సరిచేయొచ్చు. ఆ చెదురుని ఏ స్క్రూ దగ్గరికి లాగదు.

కాబట్టి పెల్లెట్ తేలేదాకా స్క్రూ మీద చెయ్యి వేయొద్దు. పది మీటర్ల దూరం, వెనక ఇసుక నింపిన గోనె బస్తా. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగకముందే కాల్చండి. స్ప్రింగ్ గన్‌ని (లోపలి స్ప్రింగ్ బలంతో గాలిని నెట్టే తుపాకీని) ఇటుక మీదో బల్ల మీదో ఆనించొద్దు. పెల్లెట్ బయటపడే లోపే అది వెనక్కీ ముందుకీ ఊగుతుంది, గట్టి వస్తువు మీద పెడితే ఎగురుతుంది. కింద ఊకమూట, దానిమీద ఎడమ అరచెయ్యి, అరచేతిలో తుపాకీ. పిడికిలి బిగించొద్దు.

ఇక వేగం. తుపాకీ అట్టపెట్టె మీద వేగం పెద్ద అంకె చూసి తేలిక పెల్లెట్ కొంటున్నారు. ఆ అంకె సాధారణంగా అన్నిటికన్నా తేలికదానితో కొలిచింది. 0.45 గ్రాములది సెకనుకు 190 మీటర్లు పోయినా, 0.53 గ్రాములది 175 పోయినా, లెక్కగడితే రెండిటి శక్తీ సుమారు 8 జౌల్సే (జౌల్ అంటే శక్తి కొలత). కాగితం మీద పది మీటర్లకి నేను వాడేది 0.53, చదును తల. అది చిల్లుని గుండ్రంగా, తేటగా కోస్తుంది. సూదిమొనవి నేను కొనను.

ఒక పెల్లెట్ వేళ్లమధ్య పట్టుకుని వెలుతురుకి చూడండి. ఢమరుకంలా నడుము సన్నగా, వెనక పావడా అంచు పల్చగా ఉంటుంది. కాల్చినప్పుడు ఆ అంచే విచ్చుకుని బ్యారెల్ లోపలి గాడుల్ని పట్టుకుంటుంది. అంచు ఒకపక్క సొట్టపోతే గాలి ఆ సందున ముందే జారిపోతుంది, గుండు పక్కకి లాగుతుంది. డబ్బాని స్కూటర్ డిక్కీలో గుంతల రోడ్డున తెస్తే సగం ఇలాగే అవుతాయి. నేను ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటాను.

తల సైజు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు అని కొన్ని డబ్బాల మీద ఉంటుంది. మీ బ్యారెల్‌కి ఏది సరిపోతుందో కాగితమే చెప్పాలి.

ఉదయగిరి నుంచి ఇద్దరు కౌజుపిట్టకి ఏ పెల్లెట్ అని అడిగారు. ఏదీ వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం, చేతిలో ఉన్నది ఎయిర్ గన్ అయినా అంతే. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో గూడబాతులు పిల్లలకి మేత పెట్టడం చూసి పెరిగినవాళ్లం మనం. పిట్టల కోసం అడిగేవాళ్లకి నేను ఈ పాఠం చెప్పను.

అభ్యాసం: మూడు రకాలు, రకానికి ఇరవై అయిదు. రకం మార్చగానే మొదటి అయిదూ లెక్కలోకి రావు, బ్యారెల్‌లో కొత్త సీసం పూత కుదరాలి. మిగతా ఇరవైని అయిదేసి చొప్పున నాలుగు కాగితాల మీద కాల్చండి. దూరదూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య స్కేలుతో కొలిచి, పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. నాలుగు కాగితాల సగటు కట్టండి. సగటు తక్కువ వచ్చిన రకమే మీ బ్యారెల్‌ది. కంసాలి త్రాసు దొరికితే ముందే రకానికి పది తీసి ఒక్కొక్కటీ తూచండి. ఒకే డబ్బాలో బరువులు తేడాగా ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టండి. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, అది సీసం.

ప్రతి కాగితం మీదా పెల్లెట్ బరువు, తల సైజు పెన్సిల్‌తో రాసి, అప్పుడు ఫోటో పంపండి. స్క్రూడ్రైవర్ వచ్చే పాఠానికి.