చెక్క ఫ్లోరింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: కింది నేల నిజంగా ఆరిందా?

కొలతలు, చెక్క ఎంపిక గత రెండు పాఠాల్లో అయిపోయాయి. మన లెక్కకు తీసుకున్నది చెన్నై అడయార్‌లో 12 × 14 అడుగుల గది, 14 మి.మీ. ఇంజనీర్డ్ చెక్క (పైన అసలు చెక్క పొర, కింద ప్లైవుడ్ లాంటి పొరలు అతికించిన పలకలు). సామాన్లు ఎలా సర్దాలో చెప్పనక్కర్లేదు. పుట్టీ, పెయింటు, ప్లంబింగు లాంటి తడి పనులన్నీ ముగిసేదాకా చెక్క పెట్టెలు మాత్రం ఇంట్లోకి రానీయకండి.

ఇక తేమ సంగతి. పలకలు ఉబ్బితే అందరూ చెక్కను తిడతారు. చాలాసార్లు తప్పు కింది సిమెంటుదే. మేస్త్రీ చెప్పే 28 రోజులు కాంక్రీటు గట్టిపడే లెక్క, ఆరే లెక్క కాదు. మందం అంగుళానికి నెల చొప్పున అనుకోండి. రెండంగుళాల కొత్త స్క్రీడుకు (స్లాబ్ మీద మట్టం కోసం వేసే సిమెంటు పొరకు) రెండు నెలలు, అదీ గాలి ఆడుతుంటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో ఈ లెక్క సాగదు. వేళచ్చేరి, పళ్లికరణై వైపు పల్లపు నేలలో గ్రౌండ్ ఫ్లోరైతే ఇల్లు పాతదే కదా అని ధీమా పడొద్దు. కింది నుంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి. 45 సెం.మీ. చదరపు పారదర్శక పాలిథీన్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. కనీసం 16 గంటలు కదపకండి. బాత్రూం గోడ పక్కన ఒకటి, బయటి గోడ పక్కన ఒకటి, గది మధ్యలో ఒకటి వేయండి, ఎండ పడే చోట వద్దు. షీటు లోపల నీటి చుక్కలు కనబడినా, కింద సిమెంటు నల్లబడినా పని ఆపాల్సిందే. ఏమీ కనబడకపోతే మాత్రం పాసైనట్టు కాదు. ఈ పరీక్షకు తెలిసేది పైపొర తేమే. స్లాబ్‌కు రంధ్రం వేసి, లోపలి తేమ శాతం చూసే ప్రోబ్ మీటరు దొరికితే అదే నమ్మండి. ఎంత శాతం దాకా పర్వాలేదో చెక్క కంపెనీ కాగితంలో ఉంటుంది.

తడి నేల మీద వేస్తే పలక అడుగు ఉబ్బుతుంది, పైభాగం పొడిగానే ఉంటుంది. దాంతో అంచులు లేచి, మధ్యలో గుంట పడుతుంది. కంగారుపడి అప్పుడే సాండింగ్ చేయించారో, రెండో నష్టం ఖాయం. తేమ తగ్గాక అరగదీసిన అంచులు దిగిపోయి, మధ్య భాగం ఉబ్బెత్తుగా నిలుస్తుంది.

తర్వాత మట్టం. ఆరడుగుల అల్యూమినియం పట్టీని నేల మీద అన్ని దిక్కులా తిప్పండి. కింద సందు 3 మి.మీ. దాటకూడదు. కొలవడానికి నాలుగు ఏటీఎం కార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే సుమారు అంతే మందం. ఆ కట్ట సందులో వదులుగా దూరిందా, అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. పాత టైల్స్ ఉంటే కర్రపిడితో తట్టి చూడండి. బోలు చప్పుడు వచ్చినవి పీకి పూడ్చాలి. గుబ్బలను గ్రైండ్ చేయించి, పల్లాలకు ప్రైమరు కొట్టి సెల్ఫ్ లెవెలింగ్ (నీళ్లలో కలిపి పోస్తే తనంతట తానే మట్టంగా పరుచుకునే సిమెంటు మిశ్రమం) పోయాలి. చదరపు మీటరుకు మిల్లీమీటరు మందానికి దాదాపు 1.7 కిలోలు పడుతుంది. మన గది 15.6 చ.మీ., సగటున 3 మి.మీ. అంటే 80 కిలోలు. 25 కిలోల బస్తాలు నాలుగు తెచ్చుకోండి. పోసింది కూడా నీళ్ల పనే, కాబట్టి ఆరాక షీటు పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

పెట్టెలు వచ్చాక ఆ గదిలో ఏసీ మీరు రోజూ వాడే తీరులోనే నడపండి. కిటికీలు తెరిచి సముద్రపు గాలిలో ఉంచి, బిగించాక రాత్రింబవళ్లు ఏసీ వేస్తే చెక్క ముడుచుకుని పలకల మధ్య సందులు తేలతాయి.

తలుపు లెక్క తేలికే: చెక్క 14, దాని కింద పరిచే ఫోమ్ 3, తలుపు ఆడటానికి మరో 3. కాబట్టి కింద 20 మి.మీ. ఖాళీ ఉండాలి, చాలకపోతే ఆ మేరకు కోయించండి. బాత్రూం గడప ఎత్తు చూడకుండా మాత్రం పని మొదలుపెట్టకండి. చెక్క గడపతో సమమైతే కాలికంటిన నీళ్లన్నీ నేరుగా చెక్క అంచుకే చేరతాయి.

4వ పాఠం, కింది చెమ్మ చెక్కకు తగలకుండా పాలిథీన్ పరవడం. 200 మైక్రాన్ల షీటు, అతుకులకు టేపు తెచ్చి ఉంచుకోండి. అతుకు దగ్గర 20 సెం.మీ. ఒకదాని మీదకు ఒకటి రావాలి, గోడల దగ్గర పైకి మడవాలి. అందుకని గది కొలత కంటే ప్రతి వైపూ అర అడుగు ఎక్కువ కొనండి.