ఇంగ్లండ్ వంశవృక్షం వెతుకుదాం – మూడో పాఠం: ఈ మాట ఎవరు చెప్పారు?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసంతో మొదలుపెడదాం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ మరణ నమోదు ఇండెక్స్‌లో ఎక్కడుంటుందో వెతకమన్నాను కదా. ఇండెక్స్ అంటే ప్రభుత్వం నమోదు చేసిన జనన, మరణ, వివాహాల పేర్ల పట్టిక. ఆ కాలంలో అది మూడేసి నెలలకు ఒకటి, ఆ మూడు నెలలనే క్వార్టర్ అంటారు. ఆయన 1899 జులై 24న సర్రే కౌంటీలోని డార్కింగ్‌లో కన్నుమూశారు. కాబట్టి మనం చూడాల్సింది 1899 సెప్టెంబర్ క్వార్టర్, అంటే జులై, ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో నమోదైనవి. జిల్లా డార్కింగ్. ఆ కాలంలో సర్రేకి వాల్యూమ్ గుర్తు, అంటే రిజిస్టర్ సంపుటి గుర్తు, 2ఏ. వయసు 96. కొందరు ఆయన పుట్టుక కోసం కూడా వెతికి, దొరకలేదని దిగులుపడి ఉంటారు. దొరకదు. కాటన్ పుట్టింది 1803లో. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వ నమోదు మొదలైంది 1837 జులై 1న. అంతకు ముందువాళ్ల కోసం చర్చి రిజిస్టర్లు తిరగేయాలి. ఆ పని తర్వాతి పాఠాల్లో చేద్దాం.

క్వార్టర్ గురించి ఒక్కటే మళ్లీ చెబుతాను. అది నమోదైన తేదీని బట్టి ఉంటుంది, పుట్టిన తేదీని బట్టి కాదు. బిడ్డ పుట్టాక నమోదుకు 42 రోజుల గడువుంది. నవంబర్ చివర్లో పుట్టిన పాప మరుసటి ఏడాది మార్చి క్వార్టర్‌లో కనిపించడం చాలా మామూలు. ఏడాది తప్పిందని వదిలేయకండి, పక్క క్వార్టర్ కూడా చూడండి.

ఇక ఈ వారం పాఠం. ఇండెక్స్‌లో పేరు దొరికింది, జనరల్ రిజిస్టర్ ఆఫీసు (నమోదులన్నీ చేరే కేంద్ర కార్యాలయం) నుంచి సర్టిఫికెట్ తెప్పించారు, చేతిలో ఉంది. దాన్ని ఎలా చదవాలి?

అందరూ ముందు పేరు, తేదీ చూస్తారు. నేను మాత్రం జనన, మరణ పత్రాలను కుడివైపు నుంచి చదవమంటాను. అక్కడ ‘ఇన్ఫార్మెంట్’ అనే గడి ఉంటుంది. అంటే రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి ఈ వివరాలన్నీ చెప్పిన మనిషి. ఆ మనిషి పేరు, చిరునామా, ఏ హోదాలో చెప్పారన్నది అందులో రాస్తారు. రిజిస్ట్రార్ ఏమీ దర్యాప్తు చేయడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు చెప్పింది రాసుకుంటాడు. అందుకే పత్రంలోని ప్రతి మాటకీ బలం ఆ గడిలోని మనిషిని బట్టే.

ఇది నేను పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. మా కోడలిది యార్క్‌షైర్. వాళ్ల తాతగారి నానమ్మ కోసం ఇద్దరం కలిసి వెతుకుతున్నాం. 1911 నాటి ఆమె మరణ పత్రం దొరికింది. వయసు 58 అని ఉంది. అంటే 1853 ప్రాంతంలో పుట్టి ఉండాలి. 1852 నుంచి 1854 దాకా ఆ పేరుతో ఉన్న జననాలన్నీ చూశాం, రెండు సర్టిఫికెట్లు డబ్బు కట్టి తెప్పించాం. రెండూ వేరేవాళ్లవి. నెల రోజులు పోయాయి. ఆఖరికి ఒక సాయంత్రం మా కోడలు ఆ మరణ పత్రాన్ని దీపం కిందికి జరిపి, “అత్తయ్యా, ఈ చెప్పినావిడ ఎవరు? మన ఇంటిపేరు కాదే” అంది. చూస్తే, చనిపోయినప్పుడు పక్కనే ఉన్నట్టు రాశారు, చిరునామా కూడా అదే ఇల్లు. ఆవిడ ఆ ఇంట్లో గది అద్దెకిచ్చిన మనిషి. అద్దెకున్నావిడ వయసు ఆమెకేం తెలుసు? చూపుకి ఎంత అనిపిస్తే అంత చెప్పింది. తర్వాత 1870 నాటి పెళ్లి పత్రం తీశాం. అందులో వయసు 22, అది పెళ్లికూతురు తన నోటితో చెప్పినది. దాన్ని పట్టుకుని వెతికితే 1847లో పుట్టుక దొరికింది. మరణ పత్రంలో అయిదారేళ్లు తగ్గిపోయాయన్నమాట.

కాబట్టి మీ నోటుబుక్‌లో ప్రతి వివరం పక్కన చెప్పినవాళ్ల పేరు కూడా రాసుకోండి. ‘పుట్టిన తేదీ – తల్లి చెప్పింది’, ‘వయసు – ఇంటావిడ చెప్పింది’, ఇలా. రెండు పత్రాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఏది నమ్మాలో ఆ రాత చెబుతుంది.

జనన పత్రంలో సాధారణంగా తల్లే ఇన్ఫార్మెంట్. పక్కన అడ్డంగా ఇంటూ గుర్తు, ‘మార్క్’ అనే మాట ఉంటే ఆమె సంతకం చేయలేదని, దాని బదులు గుర్తు పెట్టిందని అర్థం. అలాంటి చోట పేర్ల స్పెల్లింగ్ రిజిస్ట్రార్ చెవికి వినిపించినట్టే ఉంటుంది. యార్క్‌షైర్ యాసలో చెప్పిన ఇంటిపేరును వేరే ఊరి రిజిస్ట్రార్ ఎలా రాసుకున్నాడో ఊహించుకుని ఇండెక్స్‌లో నాలుగైదు రకాలుగా వెతకాలి. ఒక జాగ్రత్త: జనరల్ రిజిస్టర్ ఆఫీసు పంపేది స్థానిక రిజిస్ట్రార్ మూడు నెలలకోసారి చూసి రాసి పంపిన నకలు. అందులోని సంతకం అసలు సంతకం కాదు, నకలు రాసినవాళ్ల చేతిరాత. అసలు రిజిస్టర్ స్థానిక కార్యాలయంలోనే ఉంటుంది. అక్షరం ఎక్కడైనా తేడాగా అనిపిస్తే అక్కడ అడగాలి.

పుట్టిన తేదీ పక్కన గడియారం సమయం కూడా ఉంటే, ఇంగ్లండ్‌లో అది చాలావరకు కవలల గుర్తు. వెంటనే అదే క్వార్టర్‌లో, అదే పేజీలో ఇంకో బిడ్డ ఉందేమో చూడండి. తల్లి పేరు దగ్గర ‘ఫార్మర్లీ’ అని ఉంటే తర్వాతది పుట్టింటి ఇంటిపేరు. ‘లేట్’ అని కూడా ఉంటే ఆమెకు అంతకుముందు ఇంకో పెళ్లయిందని, ఆ మాట తర్వాతది ఆ పాత భర్త ఇంటిపేరని. ఒక్క గడిలో ఒక ఆడమనిషి మూడు ఇంటిపేర్లూ దొరుకుతాయి. నాకు ఈ పత్రాల్లో అన్నిటికన్నా ఇష్టమైన గడి ఇదే.

తండ్రి గడి ఖాళీగా ఉంటే తల్లిదండ్రులకు పెళ్లి కాలేదని అర్థం చేసుకోవాలి. 1875 నుంచి నిబంధన గట్టిపడింది. పెళ్లి కాని తండ్రి పేరు రాయాలంటే అతను కూడా వచ్చి, తల్లితోపాటు సంతకం పెట్టాలి. కాబట్టి ఆ తర్వాతి పత్రంలో ఇద్దరు ఇన్ఫార్మెంట్లు, రెండు వేరే ఇంటిపేర్లు కనిపిస్తే ఆ తండ్రి తానుగా నడిచొచ్చి ఒప్పుకున్నాడన్నమాట. 1875కి ముందు నమోదు చేయించే బాధ్యత రిజిస్ట్రార్ మీదే ఎక్కువ ఉండేది. అప్పటి పుట్టుకలు కొన్ని అసలు నమోదే కాలేదు.

పుట్టిన చోటు చూసేటప్పుడు 1904 గుర్తుపెట్టుకోండి. పేదలుండే వర్క్‌హౌస్‌లో పుట్టిన బిడ్డకు జీవితాంతం ఆ మచ్చ ఉండకూడదని, ఆ ఏడాది నుంచి వర్క్‌హౌస్ అని రాయకుండా మామూలు వీధి చిరునామా రాయమన్నారు. కాబట్టి ఒక్క ఇంటి నంబరులో పదుల కొద్దీ బిడ్డలు పుట్టినట్టుంటే అదేమిటో అర్థం చేసుకోండి. ఇంకొకటి. నమోదు సరిగ్గా 41వ రోజునో 42వ రోజునో జరిగి ఉంటే పుట్టిన తేదీని కొంచెం అనుమానించండి. గడువు దాటిందని భయపడి తేదీని జరిపి చెప్పిన తల్లిదండ్రులున్నారు. చర్చిలో బాప్తిస్మం తేదీ పుట్టిన తేదీకన్నా ముందుంటే దొరికిపోతారు.

పెళ్లి పత్రంలో ఇన్ఫార్మెంట్ గడి ఉండదు. చెప్పేది వధూవరులే. అందుకే అందులో వయసు కొంత నమ్మదగినది, పూర్తిగా కాదు. వయసు బదులు ‘ఫుల్ ఏజ్’ అని ఉంటే 21 దాటినట్టు చెప్పారని మాత్రమే. ఇద్దరి చిరునామా ఒకటే ఉంటే కలిసి కాపురం చేస్తున్నారని తేల్చేయకండి. ఒకే పారిష్‌లో, అంటే ఒకే చర్చి పరిధిలో, ఉన్నట్టు చూపిస్తే ఖర్చు, తిరుగుడు తగ్గేది కాబట్టి చాలామంది అలా రాయించారు. తండ్రి పేరు, వృత్తి గడులు బంగారం లాంటివి, కానీ అవీ విన్నవే. తండ్రెవరో తెలియని పెళ్లికొడుకు ఆ గడి ఖాళీగా వదలడానికి సిగ్గుపడి ఏదో పేరు చెప్పిన సందర్భాలుంటాయి. ‘డిసీజ్డ్’ అని ఉంటే తండ్రి పోయాడని, ఆ మాట లేకపోతే బతికున్నాడని కాదు. తల్లి పేరుకు చోటే లేదు. 2021 మే 4 నుంచి మాత్రమే ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి నమోదులో తల్లుల పేర్లు కూడా చేరాయి. నూట ఎనభై ఏళ్లకు పైగా తల్లులు ఆ కాగితం మీద లేరని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడ తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సినది ఒకటుంది. భార్య పోతే, పిల్లల్ని సొంత పిన్ని చూసుకుంటుందని మరదలిని చేసుకోవడం మన ఇళ్లలో ఎవరూ తప్పుపట్టనిది. ఇంగ్లండ్‌లో 1835 నుంచి 1907 దాకా అలాంటి పెళ్లి చట్టం దృష్టిలో చెల్లేది కాదు. అయినా చేసుకున్నారు. కారణం మన ఇళ్లలో లాంటిదే: చిన్నపిల్లలు, ఇంట్లో దిక్కులేకపోవడం. అందుకే తమను ఎవరూ ఎరగని పెద్ద ఊరికి వెళ్లి పెళ్లి చేసుకునేవాళ్లు. మీరు వెతికే మనిషి రెండో పెళ్లి సొంత ఊర్లో కాకుండా దూరంగా జరిగి ఉంటే, రెండు పెళ్లి పత్రాలనూ పక్కపక్కన పెట్టండి. ఇద్దరు భార్యల తండ్రి పేరు ఒకటే, వృత్తి ఒకటేనా? అయితే అక్కచెల్లెళ్లే అయ్యుండవచ్చు. జనాభా లెక్కల్లో ఆ అమ్మాయి ముందే అదే ఇంట్లో ‘సిస్టర్ ఇన్ లా’గా కనిపిస్తే సందేహం తీరిపోతుంది. సాక్షుల పేర్లు కూడా వదలకండి. చాలాసార్లు వాళ్లు తోబుట్టువులే.

మరణ పత్రం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చనిపోయిన మనిషి తన గురించి తాను చెప్పుకోలేని పత్రం అది. 1969 ఏప్రిల్‌కు ముందువాటిలో పుట్టిన ఊరు ఉండదు. పెళ్లయిన ఆడవాళ్ల వృత్తి గడిలో ‘ఫలానా వడ్రంగి భార్య’ అని భర్త వివరాలుంటాయి, అవి పనికొస్తాయి. ఇన్ఫార్మెంట్ కూతురైతే ఆమె పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు దొరుకుతుంది. దాంతో ఒక కొత్త కొమ్మ తెరుచుకుంటుంది. ఇన్ఫార్మెంట్ గడిలో ‘కరోనర్’ (అనుమానం ఉన్న చావులను విచారించే అధికారి) అని ఉంటే ఆ చావు మీద విచారణ జరిగినట్టు. అప్పుడు ఆ వారం స్థానిక పత్రికలు చూడండి, పత్రం చెప్పని కథంతా అక్కడ ఉండొచ్చు.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది కాబట్టి ముందే చెబుతాను. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనో విశాఖలోనో పుట్టిన ఇంగ్లీషు బిడ్డలు ఈ మామూలు ఇండెక్స్‌లో దొరకరు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల రికార్డుల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. వచ్చే పాఠం పూర్తిగా వాటి మీదే.

ఈ వారం అభ్యాసం. మన నిఘంటువు బ్రౌన్ దొర, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1884 డిసెంబర్ 12న లండన్‌లో చనిపోయారు. పుట్టింది 1798లో. మరణాన్ని అయిదు రోజుల్లో నమోదు చేయాలన్న నియమం అప్పటికే ఉంది. అది ఏ క్వార్టర్‌లో ఉండాలో, వయసు ఎంత ఉండాలో ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఇండెక్స్‌లో వెతకండి. దొరికాక వీలైతే పీడీఎఫ్ తెప్పించుకోండి. కుడివైపు గడిలో ఎవరి పేరుంది, ఏ హోదాలో చెప్పారు, ఆ చిరునామా ఆయనదేనా చూడండి. ఆ మనిషికి ఆయన వయసు తెలిసి ఉంటుందా లేదా అన్నది ఒక్క వాక్యంలో రాసుకుని రండి.